పై బజారు కాఫీ మిషన్

మిక్సీలు బాగుచేసేవాళ్ళకి ఎవరూ నిజం చెప్పరు. డాక్టరుకి చెబుతారు, ప్లీడరుకి చెబుతారు, ఆఖరికి బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా ఇంటి గుట్టంతా విప్పేస్తారు. నా కౌంటరు ముందుకి వచ్చేసరికి మాత్రం నిప్పులాంటి మనుషులు కూడా అబద్ధమాడతారు. దాచేపల్లి నుంచి ఒక మేస్త్రీ గ్రైండరు తెచ్చి, "ఇడ్లీ పిండి రుబ్బుతా ఉంటే ఆగిపోయిందమ్మా" అన్నాడు. విప్పి చూస్తే రాళ్ళ చుట్టూ సిమెంటు గట్టిపడి ఉంది. "ఇదేందయ్యా?" అంటే రెప్ప వేయకుండా "ఈసారి మినప్పప్పు మంచిది రాలేదులే" అన్నాడు. ఇట్లాంటి మాటలు విని విని నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మిషన్ ఎందుకు చెడిందన్నది నాకు చిన్న సంగతి. దానితో ఏం చేశారో ఒప్పుకోని మొహాలు చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

నా పేరు నజీమా. గురజాల బస్టాండు దగ్గర మా నాన్న అబ్దుల్ జబ్బార్ పెట్టిన రిపేరు షాపును ఆయన పోయాక పన్నెండేళ్ళుగా నేనే నడుపుతున్నాను. కొత్తవాళ్ళు ఇప్పటికీ "మెకానిక్ లేడా అమ్మా?" అని అడుగుతారు. "లేడు, ఉంది" అంటాను.

నా పనిలో సగం రేగులపాడు నుంచే వస్తుంది. గురజాలకి తొమ్మిది కిలోమీటర్లు. మిరప పండించే ఊరు కాబట్టి అక్కడ మిక్సీలకి ఆయుష్షు తక్కువ. ఊళ్ళో రెండు బజార్లు, రెండు పార్టీలు. పై బజారు పుల్లయ్యది, కింద బజారు చలమయ్యది. ఎవరిది ఏ పార్టీయో తెలుసుకోవడానికి జెండాలు చూడనక్కర్లేదు, ఎవరింట్లో కాఫీ తాగాడో అడిగితే చాలు. పుల్లయ్య ఇంట్లో గ్లాసు అందుకుంటే పుల్లయ్య మనిషి, చలమయ్య ఇంట్లో అందుకుంటే చలమయ్య మనిషి. మంచినీళ్ళకీ మజ్జిగకీ కూడా ఇదే కట్టుబాటు. కొత్తగా వచ్చిన కరెంటు లైన్‌మన్ ఒకాయన, పాపం, మే నెల ఎండకి కళ్ళు తిరిగి పుల్లయ్య వసారాలో గ్లాసుడు మజ్జిగ తాగాడు. ఆ సాయంత్రం నుంచి కింద బజారులో ఫ్యూజు పోతే ఆయనకి ఫోన్ చేసినవాడు లేడు. చీకట్లో చెమటలు కక్కుతూ కూర్చున్నారు గానీ చేయలేదు. మూడో నెలకి ఆయనే బదిలీ చేయించుకుని పోయాడు.

అందుకే మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ ఊరు తిరిగి, ఏ ఇంట్లోనూ చుక్క ముట్టలేదు. నేనూ నీళ్ళ సీసా సంచిలో పెట్టుకునే పోతాను. ఒక్క గుక్క తాగానంటే సగం ఊరు నా షాపు మెట్లెక్కదు.

పోయిన కార్తీకంలో పుల్లయ్య ఇంటికి కాఫీ మిషన్ వచ్చింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు పూర్ణిమ పంపింది. పుల్లయ్య వసారాలో రోజూ పొద్దున్నే పార్టీ మనుషులు నలభై మంది చేరతారు. వాళ్ళందరికీ కాఫీ కాచి కాచి తల్లి రంగనాయకమ్మ నడుము పడిపోతోందని ఆ పిల్ల బాధ. మిషన్ అంటే మామూలుది కాదు. పైన ఒక డ్రమ్ము, అందులో పచ్చి కాఫీ గింజలు పోస్తే మూత వేసుకుని అదే వేయిస్తుంది. మధ్యలో అదే పొడి కొట్టుకుంటుంది. కింద గొట్టంలోంచి అదే కాఫీ పోస్తుంది. పనైపోగానే కుయ్యిమని కూస్తుంది. పుల్లయ్య దానికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, వసారాలో బల్ల మీద కూర్చోబెట్టాడు.

విచిత్రమేమిటంటే ఆ కాఫీ చుక్క కూడా పుల్లయ్య తాగడు. ఆయన కడుపులో పుండు ఉంది. కిందటేడు రక్తం కక్కుకుంటే నరసరావుపేట తీసుకుపోయారు. అక్కడి డాక్టరు గొట్టం వేసి చూసి, "కాఫీ, కారం రెండూ ఈ జన్మకి బంద్. ఇంకోసారి ఆ పుండు రేగిందంటే నా చేతుల్లో ఉండదు" అన్నాడు. అప్పటి నుంచీ మిరపకాయలు పండించే మనిషి పెరుగన్నం తిని బతుకుతున్నాడు. ఈ సంగతి ఊళ్ళో కోడిపిల్లకి కూడా తెలుసు.

సంక్రాంతి వెళ్ళాక ఆయన నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్ నజీమా, మిషన్ దగ్గుతా ఉంది. ఒకసారి వచ్చి చూడు."

పొద్దున ఏడింటికి వెళ్ళాను. నలభై మందీ అప్పటికే గ్లాసులు పట్టుకుని ఉన్నారు. మిషన్ ఆగేదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆ దృశ్యం నా జన్మలో మరిచిపోను. నలభై మంది మీసాలున్న మగాళ్ళు కాఫీ తాగుతూ ఏడుస్తున్నారు. ఏడవడమంటే కళ్ళు చెమర్చడం కాదు. ధారలు కారుతున్నాయి. ముక్కులు ఎగబీలుస్తున్నారు, కండువాలతో తుడుచుకుంటున్నారు, మళ్ళీ గుక్క వేస్తున్నారు. ఒకాయన గుటక మింగి, కాసేపు ఊపిరి ఆగిపోయి, చెవులు ఎర్రబడి, ఎట్లాగో తేరుకుని, "అమృతం బాబాయ్" అన్నాడు.

పుల్లయ్య నన్ను పక్కకి పిలిచాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "చూశావా అమ్మాయ్. నలభై ఏళ్ళ నుంచి రాజకీయం చేస్తన్నా. పోయినసారి పదకొండు ఓట్లతో పోయా. ఈ వసారాలో తాగినోళ్ళే నాకు ఎయ్యలేదని తెలిసి ఆ రాత్రి పురుగుల మందు డబ్బా వంక చూశానమ్మా. అట్టాంటి నాకు, ఇయ్యాల నా చేతి గ్లాసు అందుకుని ఒక్కొక్కడు ఎట్టా కదిలిపోతన్నాడో చూడు. నాకోసం మనిషన్నవాడు ఏడవడం నేను ఇప్పుడే చూస్తన్నా."

నాకు జాలి వేసింది. అనుమానమూ వేసింది. అందరూ వెళ్ళాక డ్రమ్ము విప్పాను. లోపల గోడలంతా ఎర్రగా ఉన్నాయి. అడుగున గుప్పెడు మిరప గింజలు. పొడి కొట్టే బ్లేళ్ళ సందుల్లో మిరప తొక్కలు. విప్పిన మరుక్షణం నాకే తుమ్ములు పట్టుకుని తొమ్మిదిసార్లు తుమ్మాను.

డ్రమ్ము ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళి, "పెద్దమ్మా, ఇందులో ఏమేశారు?" అన్నాను.

"కాఫీ గింజలేనమ్మా" అంది రంగనాయకమ్మ.

డ్రమ్ము ఆమె ముక్కు కింద పెట్టాను. ఆమె నా వంకా, డ్రమ్ము వంకా చూసి పీట మీద కూలబడింది. "ఏం చెయ్యమంటావే? నలభై ఏళ్ళ నుంచి మిరపకాయలు ఏయిస్తన్నా. బాణలి పొయ్యి మీద పెడితే ఇల్లంతా దగ్గు, ఈధంతా తిట్లు. ఇదైతే మూతేసుకుంటది, పొగ బయటికి రాదు, మాడక ముందే కుయ్యిమంటది. నా జన్మలో దగ్గకుండా మిరపకాయలు ఏయించడం ఇదే మొదలు. మజ్జానం ఆయన నిద్రపోయినాక ఓ రెండు వాయిలు ఏసుకుంటన్నా. తుడుస్తానే ఉన్నా గదా."

"తుడిస్తే పోయే ఘాటా ఇది? ఈ కాఫీ పెదనాన్న ఒక్క గుక్క తాగితే ఏమయిద్దో తెలుసా?"

"ఆయన ముట్టడులే. ఆయనకి మాత్రం చెప్పమాకే తల్లీ. నీకు దణ్ణం పెడతా."

చెప్పనని మాటిచ్చాను. ఇకమీద అందులో మిరపకాయలు వేయనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. బియ్యం పోసి ఆడించి, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ బియ్యం పోసి ఆడించి, ఘాటంతా వదలగొట్టి వచ్చాను.

మూడో రోజు పుల్లయ్య ఫోన్. "మిషన్ చెడగొట్టి పోయావు గదే అమ్మాయ్."

"ఏమయింది పెదనాన్నా?"

"రెండు రోజుల నుంచి ఒక్కడి కంట్లో చుక్క నీళ్ళు లేవు. తాగుతన్నారు, మూతి తుడుచుకుంటన్నారు, పోతన్నారు. నా మీద మనసిరిగిపోయింది వాళ్ళకి. చలమయ్యగాడు ఏదో నడుపుతన్నాడు."

నేనేదో నచ్చజెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ వెంటనే రంగనాయకమ్మ చేసింది. "రెండు రోజులుగా ముద్ద ముట్టలేదే మనిషి. గోడ వంక తిరిగి పడుకుంటన్నాడు. అందుకని ఇందాకే ఓ వాయి ఏయించా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టుకున్నాననుకో" అంది. మర్నాడు నలభై మందీ మళ్ళీ ఏడ్చారు, పుల్లయ్య అన్నం తిన్నాడు. భార్యకి తెలుసు, తాగే నలభై మందికి తెలుసు, నాకు తెలుసు. తెలియంది పోసే ఆయనొక్కడికే. నలభై మందిలో ఒక్కడైనా నోరు తెరిచి, "కాఫీ కారంగా ఉంది పెదనాన్నా" అనొచ్చు కదా. అనరు. ముందు అన్నవాడు రేపటి నుంచి ఎవరి మనిషో అని మిగిలిన ముప్పై తొమ్మిది మందీ చూస్తారు.

అంతటితో పోయేది. కానీ పుల్లయ్య తమ్ముడి కొడుకు నవీన్‌కి ఫోన్ చేతిలో ఉంటే ఒళ్ళు తెలియదు. ఆ మిషన్ అమ్మిన వెబ్‌సైటులో, ఏడుస్తున్న నలభై మంది ఫోటో పెట్టి, "ఈ మిషన్ కొన్నాక మా ఊళ్ళో ఏడవని మగాడు లేడు. మనుషులను దగ్గర చేసే కాఫీ. ఐదుకి ఐదు స్టార్లు" అని రాశాడు. కంపెనీవాళ్ళు "మీ అనుభవం మా హృదయాన్ని తాకింది" అని జవాబిచ్చారు. ఆ ఫోటో రేగులపాడు అంతా తిరిగి చలమయ్య ఫోన్లో దిగింది. పది రోజుల్లో చలమయ్య ఇంట్లో అదే మిషన్, అదే రంగు, వచ్చి కూర్చుంది.

పన్నెండో రోజు చలమయ్య నన్ను పిలిపించాడు. ఈయనదీ పుల్లయ్యదీ బళ్ళో ఒకే బెంచీ. పదో తరగతిలో క్లాసు లీడరు ఎన్నిక దగ్గర మొదలైన పోటీ ఇద్దరికీ జుట్టు నెరిసినా ఆగలేదు. ఇద్దరూ ఎదురుపడితే పుల్లయ్య ఎడమకి చూస్తాడు, చలమయ్య కుడికి చూస్తాడు.

"అమ్మే, నా మిషన్‌లో కన్నీళ్ళు రావట్లేదేంది?" అన్నాడు చలమయ్య.

"కాఫీ వస్తందా బాబాయ్?"

"కాఫీ ఎవడికి కావాల? ఎవడూ ఏడవట్లా. మావోళ్ళు తాగి 'పంచదార తగ్గింది' అంటన్నారు. ఆళ్ళకీ మాకూ అదే మిషన్ గదా. ఏదో సెట్టింగ్ ఉండిద్ది. పుల్లయ్యకి చేసిపెట్టావు, నాకూ చేసిపెట్టు."

అట్లాంటి సెట్టింగ్ ఏదీ లేదని మొత్తుకున్నాను. ఆయన వినలేదు. అప్పటికే వాళ్ళు చేయాల్సిన ప్రయత్నాలన్నీ చేసి ఉన్నారు. మిషన్ పక్కన ఉల్లిపాయలు కోసి పెట్టారు. తాగే ముందు ఎవరి కష్టం వాళ్ళు తలుచుకోవాలని రూలు పెట్టారు. జయకర్ అనే ఆయనకి కిందటి నెలే ఈనబోయే గేదె చచ్చిపోయింది. ఆయన దాన్ని తలుచుకుని గ్లాసు పట్టుకున్నాడు గానీ, ఏడుపు ఆపుకోలేక కాఫీ కింద పోసుకుని ఇంటికెళ్ళి పడుకున్నాడు. "ఆయన ఏడ్చింది నాకోసం కాదు గేదెకోసం, లెక్కలోకి రాదు" అని చలమయ్యే కొట్టేశాడు.

"సెట్టింగ్ చెప్పనంటే నువ్వు ఆళ్ళ మనిషివేనన్నమాట" అన్నాడు చివరికి. "నువ్వు మజ్జస్తంగా ఉన్నావని రుజువు చెయ్యి. రెండు మిషన్లూ ఒకచోట పెడదాం. రెంటి కాఫీ తాగి ఏది కరెక్టుగా పని చేస్తందో నువ్వే చెప్పాల. రాకపోతే మా బజారు నుంచి చెంచా కూడా నీ షాపుకి రాదు."

ఈ కబురు పై బజారుకి పోయింది. పుల్లయ్య ఛాతీ విరుచుకుని, "పెట్టండి పోటీ" అన్నాడు.

ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి నాలుగు రోజులు పట్టింది. ఆఖరికి పాలకేంద్రం వసారా ఖాయమైంది. రెండు బజార్ల పాలూ ఒకే క్యానులో పోసే చోటు ఊరు మొత్తం మీద అదొక్కటే. కాఫీకి పార్టీ ఉంది గానీ పాలకి లేదు. ఆ తరువాత, నేను ముందు ఏ గ్లాసు తాగాలన్నది వచ్చింది. ముందు తాగినదే పార్టీ అని ఒకరు, చివర తాగినదే నోట్లో ఉంటుంది కాబట్టి అదే పార్టీ అని ఒకరు. రెండూ కలిపి ఒకే గ్లాసులో పోద్దామన్నారు గానీ, రెండు పార్టీలూ కలిసిపోయాయని పేపర్లో వస్తుందని భయపడ్డారు. చివరికి పాలకేంద్రం సెక్రటరీ కొబ్బరిబోండాల బండి దగ్గర్నుంచి రెండు గొట్టాలు తెచ్చాడు. రెండు గ్లాసుల్లో రెండు గొట్టాలు పెట్టి, రెండూ ఒకేసారి నోట్లో పెట్టుకుని పీల్చాలి. కుడి పక్క గొట్టం ఎవరిదన్న దగ్గర మళ్ళీ లేచారు. "నోరు నాది, గొట్టం ఎటు పెట్టుకోవాలో నాకు తెలుసు. ఇంకొక్క మాటంటే నేను బస్సెక్కిపోతా" అని అరిచాను. అప్పుడు ఊరుకున్నారు.

ముందు రోజు సాయంత్రం రంగనాయకమ్మకి ఫోన్ చేశాను. "పెద్దమ్మా, రేపొక్కరోజు వద్దు. కడిగి పంపించండి" అన్నాను.

"ఇప్పుడే మాచర్ల బస్సెక్కా, మా చెల్లెలి కూతురి సీమంతం" అంది. "నువ్వేం దిగులు పడమాక. పోటీ గదా, పరువు పోగూడదని తేజ కాయలు మూడు వాయిలు ఏయించి వచ్చా."

నాకు ఆ రాత్రి నిద్రలేదు. తేజ రకం అంటే మా పల్నాడులో కోసే కూలీలు సాయంత్రం దాకా కళ్ళు నలుపుకోరు.

పొద్దున ఏడింటికి పాలకేంద్రం దగ్గర జాతరలా ఉంది. పై బజారు నలభై మందీ ఒకవైపు, కింద బజారువాళ్ళు ఒకవైపు. బల్ల మీద రెండు మిషన్లు. ఒకదానికి నిమ్మకాయ, ఇంకొకదానికి రెండు నిమ్మకాయలు. పుల్లయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. రెండు మిషన్లూ వేయించాయి, కొట్టాయి, పోశాయి, కుయ్యిమన్నాయి. నేను బిస్మిల్లా అనుకుని రెండు గొట్టాలూ నోట్లో పెట్టుకుని పీల్చాను.

ఎడమ పక్క నుంచి తియ్యగా, చప్పగా ఏదో వచ్చింది. కుడి పక్క నుంచి వచ్చింది కాఫీ కాదు. చెవుల్లో నుంచి ఆవిరి పోయిందనుకున్నాను. కళ్ళ నుంచి, ముక్కు నుంచి ఒక్కసారి ధారలు కట్టాయి. దగ్గు ఆపుకోవడానికి బల్ల అంచు పట్టుకున్నాను.

పై బజారువాళ్ళు చప్పట్లు కొట్టారు. పుల్లయ్య కొట్టలేదు. ఆయన దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు మా పార్టీ కాదు గదా అమ్మాయ్" అన్నాడు మెల్లగా. "నీకెందుకు కన్నీళ్ళు వచ్చినయ్?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన భార్యకి ఇచ్చిన మాట ఒకటి గుర్తొచ్చింది. అది కాదు అసలు సంగతి. మూడు నెలల్లో ఆ మనిషి మొహంలో వచ్చిన వెలుగు నా నోటితో ఆర్పడానికి ధైర్యం చాలలేదు. "మిషన్ బాగానే పనిచేస్తంది పెదనాన్నా" అన్నాను. జీవితమంతా అబద్ధాలాడేవాళ్ళని తిట్టిన దాన్ని, అడిగిన మొదటిసారే అబద్ధమాడాను.

ఈలోగా చలమయ్య ఆగలేకపోయాడు. సెట్టింగ్ ఏమిటో తెలుసుకోవాలన్న ఆత్రంలో పార్టీ సంగతీ, కట్టుబాటు సంగతీ మరిచిపోయి, నా గ్లాసులో మిగిలిన పుల్లయ్య కాఫీ ఎత్తి గటగటా పోసుకున్నాడు. మరుక్షణం తుపుక్కున ఉమ్మేశాడు. నాలుక బయటపెట్టి గెంతుతూ, పాలక్యాను మూత తీసి తల లోపల పెట్టబోయాడు. "కారంరా నాయనో! ఇది కాఫీ కాదు, పచ్చడి! మిరపకాయలు రుబ్బి పోస్తన్నాడు ఎదవ!"

కింద బజారువాళ్ళు బిత్తరపోయారు. వాళ్ళ నాయకుడు అందరి ముందూ పుల్లయ్య కాఫీ తాగేశాడు. ఇప్పుడు తాము ఎవరి మనుషులో వాళ్ళకి అర్థం కాలేదు.

పుల్లయ్య మొహం నల్లబడింది. తన వాళ్ళ వైపు తిరిగాడు. "నవీనూ. కారమంటరా?"

"లేదు పెదనాన్నా, సూపర్ ఉంటది."

"నువ్వు చెప్పరా."

"కమ్మగా ఉంటది బాబాయ్."

"నువ్వు?"

"అమృతం అన్నయ్యా."

నలభై మందినీ అడిగాడు. నలభై మందీ చెప్పారు. పుల్లయ్య ఊపిరి పీల్చుకుని చలమయ్య వంక తిరిగాడు. "విన్నావా? నా వాళ్ళ నోట ఒకటే మాట. నా మీద ఏడుపుతో నా కాఫీ మీద మన్ను పోస్తన్నావు నువ్వు. చూడు, అందరి ముందరా నేను తాగుతా." మిషన్ కింద గ్లాసు పెట్టి నొక్కాడు. అది నిండుగా పోసి కుయ్యిమంది.

ఆయన గ్లాసు ఎత్తాడు. ఆయన కడుపులో పుండున్న సంగతి అక్కడ తెలియనివాడు లేడు. ఆ గ్లాసులో ఏముందో నలభై మందికీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవడైనా ఆపుతాడేమోనని ప్రతివాడూ పక్కవాడి వంక చూస్తున్నాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే మూడు నెలల అబద్ధం బయటపడుతుంది. నవీన్ తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. నేను "పెదనాన్నా" అనబోయాను. కారానికి పూడుకుపోయిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మాట వచ్చి ఉంటే అనేదాన్నేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

గ్లాసు పెదవికి తగిలింది.

చలమయ్య బల్ల మీదుగా ఎగిరి, చెయ్యి విసిరి ఒక్క దెబ్బ కొట్టాడు. గ్లాసు ఎగిరి క్యాను మీద పడి దొర్లింది. కాఫీ అంతా పుల్లయ్య తెల్ల చొక్కా మీద పడింది.

"నీకు కడుపులో పుండు గదరా ఎదవా!" అని అరిచాడు చలమయ్య. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నాలుక మండి మాట తడబడుతోంది. "తాగితే చస్తావురా! నువ్వు చస్తే నేనెవడి మీద నిలబడాల?"

పుల్లయ్య తన చేతి మీద పడిన కాఫీని చూసుకున్నాడు. మెల్లగా వేలు ఎత్తి నాలుక చివర అద్దుకున్నాడు. ఆ తరువాత నలభై మంది వైపు తిరిగాడు.

"మూడు నెలలు తాగారంట్రా దీన్ని?"

"అలవాటైంది పెదనాన్నా" అన్నాడు నవీన్, నేల చూస్తూ.

"తాగితే తాగారు. నేను గ్లాసెత్తితే ఒక్కడూ వద్దనలేదేందిరా?"

పుల్లయ్య జవాబు కోసం ఆగలేదు. పాలకేంద్రం బెంచీ మీద, తడిసిన చొక్కాతోనే, చలమయ్య పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు.

"కారమేరా" అన్నాడు, చలమయ్యతో.

నేను ఏ పార్టీ మనిషినీ కాదని ఇన్నేళ్ళూ గర్వంగా చెప్పుకున్నాను. ఆ పొద్దు ఆ నలభై మందితో పాటు నేనూ తల వంచుకునే నిలబడ్డాను.